నా చేతి ముద్దే తినే కుక్క

ఆ కుక్కని మాకు తిరిగి తెచ్చి ఇచ్చింది మంగళవారం, పొద్దున్న పదీ పావుకి. గోడ గడియారం చూసే చెబుతున్నాను. టైము చూడడం నాకు ఎప్పటినుంచో వచ్చు. అక్షరాలే యాభై ఐదేళ్లు దాటాక వచ్చాయి.

చేపల గంప మోయడం మానేశాక, మా దీవిలోనే బతు బస్తీ అవతల ఉన్న కుక్కల షెల్టర్‌లో ఊడ్చే పనికి కుదిరాను. చేపలు ఎండబెట్టుకుని బతికినదాన్ని, కుక్కంటే కర్రతో తోలడమే తెలుసు. అక్కడి డాక్టరమ్మని అందరం దీదీ అంటాం. మొదటి రోజే, "చీపురు పైకెత్తకమ్మా, కొడతావనుకుంటాయి" అంది.

ఈ కుక్క వండూర్ రోడ్డు పక్కన దొరికింది. మెడకి తీగ బిగించి ఎవడో వదిలేశాడు. మనిషి అలికిడైతే గోడకి అతుక్కుపోయి ఉచ్చ పోసుకునేది. దీదీ పద్ధతి ఒకటే. బోనులోకి వెళ్లి దానికి వీపు పెట్టి కూర్చోవాలి, ముద్ద పట్టుకున్న చెయ్యి వెనక్కి చాపాలి, అదే వచ్చేదాకా ఆగాలి. ఇరవై రోజులు కూర్చున్నాను. ఆ తర్వాత రోజు అరచేతికి తడి ముక్కు తగిలింది. పిల్లల్ని కన్నప్పుడు కూడా అంత పొంగిపోలేదు.

తప్పు ఆ తర్వాత చేశాను. ఒకరి దగ్గర తినడం మొదలెట్టాక మిగతావాళ్లు కూడా వంతులేసుకుని పెట్టాలి. లేకపోతే అది ఆ ఒక్క మనిషినే నమ్ముతుంది. ఎవరు పెట్టారో, తిన్నదో లేదో బోనుకి కట్టిన కార్డులో రాయాలి. కొత్తగా చదువొచ్చిందని ఆ పని నాకే ఇచ్చారు.

గిన్నెలు కడిగే భయ్యా వంతు రోజున అది ముట్టలేదు. "క్యా అమ్మా, మీ నవాబు నా చేతిది తినడంట!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాట ఎంత తియ్యగా ఉందో. అది ఆకలితో ఉంటే చూడలేక సాయంత్రం నేనే పెట్టేశాను. కార్డులో మాత్రం భయ్యా పెట్టాడు, తిన్నది అని రాశాను. నెలంతా, ఎవరి వంతైనా, అలాగే రాశాను.

ఆ కార్డు చూసే దీదీ కుక్కని ఫెరార్గంజ్‌లో ఉండే ఒక మాస్టారికి పెంచుకోమని ఇచ్చింది. ఆయనా భార్యా మంచివాళ్లు. ఆరు రోజులకే తిరిగి తెచ్చారు. పక్కటెముకలు బయటికొచ్చేశాయి.

"చేప పెట్టాం, కోడికూర పెట్టాం. మీరు చెప్పినట్టే వీపు పెట్టి కూర్చున్నాం. మంచం కిందనుంచి రాలేదండీ" అని ఆవిడ ఏడ్చింది.

"అందరి చేతా తింటుందని కార్డులో ఉంది కదా, మేమేం తప్పు చేశాం?" అన్నాడు మాస్టారు.

దీదీ గిన్నె తెచ్చి భయ్యాకి ఇచ్చింది. కుక్క మొహం తిప్పేసుకుంది. అదే గిన్నె నాకు ఇచ్చింది. నేను వెనక్కి తిరిగి కూర్చుని చెయ్యి చాపాను. చివరి మెతుకు దాకా నాకేసింది. అందరూ చూశారు.

"కార్డు ఎవరు రాశారమ్మా?" అని మాస్టారు అడిగాడు.

"నేనే."

"మరి దీన్ని మీరు తీసుకెళ్తారా?"

నేనుండేది అల్లుడి క్వార్టర్‌లో. కుక్కని తెస్తే నువ్వు కూడా బయటే పడుకో అని ఆయన ఎప్పుడో చెప్పేశాడు. పైగా మోకాళ్లు పోయాయి, వచ్చే నెలనుంచి పనికి రాలేనని ముందు వారమే దీదీతో అనేశాను. తల అడ్డంగా ఊపాను.

"మళ్లీ మొదటినుంచి చేద్దాం" అంది దీదీ. ఆ గొంతులో బలం లేదు. మాస్టారి భార్య దానికోసం కొన్న కొత్త తాడు బల్ల మీద పెట్టి, "మాకెందుకు ఇంక" అంది.

ఇప్పుడు రోజూ భయ్యా కూర్చుంటున్నాడు. నన్ను ఆ బోను దగ్గరికి రావద్దన్నారు. అది భయ్యా వైపు చూడదు. గేటు దగ్గర నేను ఊడుస్తుంటే ఇటే చూస్తుంది. ఈ నెల అయిపోతే ఇటు చూడడానికి కూడా ఏమీ ఉండదు.

ఒకసారి అబద్ధం రాసినదాన్ని, నా రాత నమ్మక్కర్లేదు. ఆ రోజు అక్కడున్నవాళ్లని అడగండి: డాక్టర్ దీదీ, గిన్నెలు కడిగే భయ్యా, ఫెరార్గంజ్ మాస్టారు, ఆయన భార్య, ఆ కుక్క.