ఎంటరక్క కుర్చీ వదులుకున్న సంగతి

ఎంటరక్కకు రావాల్సిన కుర్చీని ఆమె తోడికోడలు లాగేసుకుందని మీలో సగంమంది చెప్పుకుంటున్నారు. మిగతా సగం మరీ ముందుకెళ్లి, పెద్దకోడలే పెద్దమనసు చేసుకుని చిన్నకోడలికి ఇచ్చేసిందని కళ్లొత్తుకుంటున్నారు. రెండూ తప్పే. లాక్కోవడమూ లేదు, త్యాగమూ లేదు. ఆవిడ ఆ కుర్చీని వదులుకున్నది అచ్చంగా కుళ్లుతో. నమ్మరా? అయితే కూర్చోండి, మొదటినుంచీ చెబుతాను.

బస్సుల వేళల పుస్తకం అచ్చువేసే ప్రెస్సులో, మొదటి అంతస్తులో, ఆమె పని. పుస్తకం మూడు నెలలకోసారి మారుతుంది. ఒక్కో రూటుకు ఒక్కో ఫైలు, మొత్తం రెండువందల పన్నెండు. ఫలానా బస్సు పది నిమిషాలు ముందుకు, ఫలానాది రద్దు అంటూ రవాణా ఆఫీసు నుంచి మార్పుల జాబితా వస్తుంది. అవన్నీ చేత్తో ఎక్కిస్తూ కూర్చుంటే తర్వాతి జాబితా వచ్చి నెత్తిన పడుతుంది. అందుకని ఎంటరక్క స్క్రిప్టు రాసేది. స్క్రిప్టంటే ఏ బ్రహ్మవిద్యో కాదు. ఇది మార్చు, అది తీసెయ్, ఫైలు దాచు, పక్క ఫైలుకు వెళ్లు అని ఎడిటర్‌కు, అంటే కంప్యూటర్లో ఫైళ్లు దిద్దే ప్రోగ్రాముకు, వరసగా రాసిపెట్టే పురమాయింపు.

ఆ ఎడిటర్‌కు ఒక జబ్బుంది. ఏ పని చేసినా చెప్పుకోకుండా ఉండలేదు. పద్నాలుగు చోట్ల మార్చాను అని తెర అడుగున ఒక మాట పెడుతుంది. ఫైలు దాచాను అని ఇంకో మాట. రెండు మాటలు కలిసొస్తే ఆ ఇరుకులో చోటు చాలక ఆగిపోయి, ఎంటర్ నొక్కితే తప్ప కదలనని అలిగి కూర్చుంటుంది. ఫైలుకు మూడుసార్లు బుజ్జగించాలి. అలా పొద్దుటినుంచి సాయంత్రం దాకా నొక్కీ నొక్కీ ఆవిడ కుడిచేతి చిటికెనవేలు కాయకాచింది. పేరు కూడా అక్కణ్ణుంచే వచ్చింది. పదకొండేళ్లు ఆ పేరుతో తలెత్తుకునే బతికింది.

ఇంతలో మరిది పెళ్లి చేసుకున్నాడు. వచ్చిన అమ్మాయి చదువుకున్నది, ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎందుకని ప్రెస్సులో చేర్పించింది ఎవరనుకున్నారు? ఎంటరక్కే. చేతికింద ఉంటుంది, ఫైళ్లు అందిస్తుంది అనుకుంది పాపం.

ఆ అమ్మాయి మూడు రోజులు పక్కన నిలబడి చూసింది. నాలుగో రోజు నోరు విప్పింది.

"అక్కా, ఆ వేలు నొప్పెట్టదా?"

"పెడితే పెడుతుంది. ఒళ్లు నొప్పి లేకుండా పనులవుతాయా?"

"కాదక్కా, దాని వాగుడు ఆపేస్తే సరిపోతుంది కదా."

"ఆపడానికి అదేమన్నా నీ మొగుడా?"

ఆ అమ్మాయి పకపకా నవ్వి, స్క్రిప్టులో ప్రతి పురమాయింపుకూ ముందు ఒక్క మాట చేర్చింది. సైలెంట్. అంతే. తెర నాలుగుసార్లు మిణుకుమంది. బల్లమీద పెట్టిన టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది, రెండువందల పన్నెండు ఫైళ్లూ అయిపోయాయి.

ప్రెస్సు యజమాని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం పెద్దమ్మాయ్, పదకొండేళ్లబట్టీ ఈ ఒక్క ముక్క నీకు తట్టలేదా?"

ఆయన సరదాకే అన్నాడు. ఎంటరక్క కూడా నవ్వింది. కానీ కడుపులో నిప్పు రాజుకుంది. ఇంటికెళ్తే అక్కడ అత్తగారు అందుకుంది. "చిన్నది వచ్చాకే కదమ్మా మీ ఇద్దరూ పొద్దుండగా ఇల్లు చేరగలిగారు! తెలివంటే దానిదే." ఆ రాత్రి ఎంటరక్క గిన్నెలు కడిగిన చప్పుడుకు పక్క వాటావాళ్లు గోడ తట్టారు.

అప్పటినుంచీ అదే వరస. ఆ అమ్మాయి జడ వేసుకున్నా తప్పే, వేసుకోకపోయినా తప్పే. వినయంగా ఉంటే నటన, నవ్వితే వెటకారం. ఒకరోజు ఆ అమ్మాయి "అక్కా, ఎనభయ్యేడో నంబరు ఫైలు నేను చూడనా?" అని అడిగింది. ఎనభయ్యేడు ఆస్పత్రికి వెళ్లే బస్సు, నలభైనాలుగు స్టాపులు. పుస్తకం మొత్తంలో అదే చిక్కు రూటు, దాని పేజీని ఎంటరక్క సొంత బిడ్డలా చూసుకునేది. "అది నీవల్ల కాదులే" అంది పైకి. ఆ అమ్మాయి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లగానే ఆ ఫైలుకు తాళం వేసేసింది. అంటే ఎవరైనా చదువుకోవచ్చు, ఒక్క అక్షరం మార్చడానికి లేదు. వేసి, మర్చిపోయింది.

ఈలోగా సెక్షన్ పెద్దాయన రిటైరయ్యాడు. కిటికీ పక్కన ఆయన కుర్చీ ఖాళీ అయింది. యజమాని ఇద్దరినీ పిలిచి చెప్పాడు. "ఈసారి ఫైళ్లు చెరిసగం. ఎవరి సగం ముందుగా, శుభ్రంగా వస్తే కుర్చీ వాళ్లది. ఇంట్లో తగువులు పెట్టుకుని నామీదకు రాకండి."

పదకొండేళ్ల చాకిరీ ఒక పక్క, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఒక పక్క. ఎంటరక్కకు అన్నం సయించలేదు. ఆ సైలెంట్ అనే మాట ఎలా రాయాలో అడిగితే ఆ అమ్మాయి క్షణంలో చూపించేదే. కానీ అడగడానికి ఎంటరక్కకు నోరెలా వస్తుంది? తోడికోడలు మధ్యాహ్నం డబ్బా కడగడానికి వెళ్లినప్పుడు ఆమె తెరలోకి తొంగిచూసి, బస్సు టికెట్టు వెనకాల గిలికేసుకుంది. అంతటితో ఆగిందా? ఎడిటర్‌తో వచ్చిన సహాయం పేజీల్లో వెతికితే, ఆ మాట పక్కన ఒక ఆశ్చర్యార్థకం తగిలిస్తే ఇంకా నిశ్శబ్దంగా ఉంటుందని కనబడింది. చంకలు గుద్దుకుంది. దానికంటే ఒక మెట్టు పైన నేనుంటాను అనుకుంది.

ఆ పేజీ చివరిదాకా చదివితే బాగుండేది. ఉత్త సైలెంట్ అయితే ఎడిటర్ చేసిన పనుల గొప్పలు మాత్రమే మానేస్తుంది. తప్పు జరిగితే అప్పుడూ ఆగి అరుస్తుంది. ఆశ్చర్యార్థకం తగిలిస్తే ఆ అరుపు కూడా నొక్కేసి, ఏమీ జరగనట్టు ముందుకు పోతుంది.

గురువారం పొద్దున ఇద్దరూ కొత్త జాబితాకు స్క్రిప్టులు రాయడం మొదలుపెట్టారు. తోడికోడలి స్క్రిప్టు రెండుచోట్ల అరిచి ఆగింది. ఆ అమ్మాయి ఓపిగ్గా ఫైలు విప్పి, సరిచేసి, మళ్లీ నడిపింది. మధ్యాహ్నం మూడయింది. ఎంటరక్కది కిక్కురుమనలేదు. పదకొండు గంటలకే నూటఆరు ఫైళ్లూ అయిపోయాయి. యజమాని భుజం తట్టినంత పని చేశాడు. "సోమవారం నుంచి కుర్చీ నీదే పెద్దమ్మాయ్!"

గెలిచింది కదా, ఇక హాయిగా ఉండాలా వద్దా? తోడికోడలు ఎదురొచ్చి, "అక్కా, నాకంటే భలే రాశావు, కాస్త చూపించవూ?" అంది. మొహం ఇసుమంత కూడా మాడలేదు. ఎంటరక్కకు ఒళ్లు మండిపోయింది. ఓడినందుకు కాస్తయినా ఏడవొద్దూ? ఏడవకపోతే నేను గెలిచినట్టెలా అవుతుంది?

అందుకని శనివారం పొద్దునే వచ్చి, తోడికోడలి సగం పేజీల నకళ్లు ముందేసుకుని, ఎర్ర పెన్సిల్ పట్టుకుని తప్పులు వెతకడానికి కూర్చుంది. నలభై పేజీలు చూసింది, ఒక్కటీ లేదు. అరవయ్యో పేజీ దగ్గర కూడలిలో కలిసే బస్సుల వేళలున్నాయి. ఎనభయ్యేడు మొదటి బస్సు అయిదూ యాభై అని ఉంది. ఎంటరక్క పెదాలు విచ్చుకున్నాయి. ఆ బస్సు ఆరూ పది అని ఆమెకు నిద్రలో లేపినా తెలుసు.

"దొరికావే మహాతల్లీ!" అనుకుంటూ రుజువుకోసం జాబితా తీసింది. జాబితాలో అయిదూ యాభై. ఈసారి నుంచి ఇరవై నిమిషాలు ముందుకు జరిపారు. తన పేజీ తీసి చూసింది. ఆరూ పది. నలభైనాలుగు స్టాపులూ పాత వేళలే. ఫైలు తెరిస్తే తను వేసిన తాళం అలాగే ఉంది. ఎడిటర్ మార్పుల్ని ఫైల్లో దాచలేకపోయింది, చెప్పబోయింది, ఆశ్చర్యార్థకం దాని నోరు నొక్కేసింది.

అది తెల్లారుతూనే ఆస్పత్రికి రోగులు ఎక్కే బస్సు. పుస్తకం చూసుకుని ఆరూ పదికి వచ్చినవాళ్లకు దాని పొగ కూడా కనబడదు. తర్వాతి బస్సు గంటన్నరకు. పేజీలు అప్పటికే కింది అంతస్తుకు, అచ్చు ప్లేట్లు చేసే గదికి వెళ్లిపోయాయి. యజమాని మాట లేకుండా అక్కణ్ణుంచి కాగితం ముక్క వెనక్కి రాదు.

వెళ్లి చెప్పింది, తన పేజీలో పాత వేళలున్నాయని. ఎందుకున్నాయో మాత్రం మింగేసింది. మెషీను మీదకు తోసేద్దామనే అనుకుంది.

యజమాని తోడికోడలిని కూడా పిలిచి తెర చూపించాడు. "ఇదెలా జరిగింది? ఈ తాళం ఎవరు వేశారు?"

ఆ అమ్మాయి తెర వంక చూసింది, ఎంటరక్క మొహం వంక చూసింది. "నేనే వేసుంటాను సార్. ఆ మధ్య ఆ ఫైలు కెలికాను. అక్కది ఏం తప్పులేదు."

అదిగో, అక్కడ కాలింది ఎంటరక్కకు! కుర్చీ దక్కుతుంది, నిజమే. కానీ బతికినంతకాలం అది ఈ పిల్ల పెట్టిన భిక్ష. తెలివి దానిది, అత్తగారి మెప్పు దానిది, ఇప్పుడు మంచితనం కూడా దాని ఖాతాలోకేనా? అదొక్కటీ పోనివ్వను అనుకుంది.

"అబద్ధం సార్!" అని అరిచింది. "తాళం వేసింది నేను. ఇది ముట్టుకోకూడదనే వేశాను. స్క్రిప్టు దీని దగ్గర దొంగిలించాను. తప్పులు చెప్పకుండా ఎడిటర్ నోరు నొక్కింది కూడా నేనే. దీనికేం సంబంధం లేదు. మధ్యలో దూరి మంచిపేరు కొట్టేయాలని చూస్తోంది!"

యజమానికి తిట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు. "అక్కా..." అని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, తాళం తీసి, స్క్రిప్టు మళ్లీ నడిపి, కొత్త పేజీని తనే పరుగున కిందికి తీసుకెళ్లింది. ఎనభయ్యేడు సరైన వేళతోనే అచ్చయింది. సోమవారం కుర్చీలో తోడికోడలు కూర్చుంది.

జరిగింది ఇదీ. ఇప్పుడు ఎంటరక్క బల్ల గోడవైపుంది. తలెత్తితే ఎదురుగా ఆ కిటికీ, ఆ కుర్చీ, ఆ జడ. సాయంత్రం ఇద్దరూ ఒకే ఇంటికి వేర్వేరు బస్సుల్లో వెళ్తున్నారు. వారం రోజులుగా ఆవిడ డబ్బా సగం అన్నంతో తిరిగొస్తోందని అత్తగారే నాతో అంది. ఎవరితోనూ గట్టిగా ఒక్క మాట లేదు.

కాబట్టి మీరు ఆ వైపు వెళ్తే, కబుర్లు మోయడం మానేసి, ఒకసారి మెట్లెక్కి ఆవిడను చూసి రండి. ఎలా ఉన్నావని అడిగితే బాగానే ఉన్నానంటుంది. ఆ మాట వినేసి లేచి రాకండి. కుర్చీ లాక్కుని ఇంకాసేపు కూర్చోండి.