ఎక్కువొచ్చినోళ్ళకే మిర్చి బజ్జీ

చేతికి స్పిరిట్ దూది తగిలితే చాలు, నాకు నోట్లో నీళ్ళూరతాయి. వినేవాళ్ళు నవ్వుతారు గానీ ఇది నిజం. నాచారంలో నేను మూడు నెలలకోసారి పరీక్షకు రక్తమిచ్చే ల్యాబ్ మేడ మీద ఉంది. దాని కిందే మిర్చి బజ్జీల బండి. సాయంత్రం సూది దిగే వేళకు సరిగ్గా కిటికీలోంచి శనగపిండి వేగుతున్న వాసన వస్తుంది. నిన్నా అంతే. ఆ రెండు వాసనలూ కలిసి ముక్కుకు తగిలేసరికి అండాలమ్మ పెద్దమ్మ నా పక్కనే బల్ల మీద కూర్చుని, ల్యాబ్ అబ్బాయిని పెళ్ళెప్పుడని సతాయిస్తున్నట్టే అనిపించింది.

ఆవిడ మాకు చుట్టం కాదు. పెళ్ళయి తెనాలి నుంచి వచ్చిన కొత్తలో మేం అద్దెకు దిగిన ఇంట్లో పక్క వాటా ఆవిడది. దారం ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేసి, కీళ్ళవాతం ముదిరాక మానేసింది. చేతివేళ్ళు పక్కకు వంగిపోయి ఉండేవి. ఆ వేళ్ళతోనే అరుగు మీద కూర్చుని మల్లెపూలు కడుతూ, వీధిలో పోయే ఒక్కరినీ పలకరించకుండా వదిలేది కాదు. నేను రామంతాపూర్‌లో ఒక బడిలో లెక్కల టీచర్ని. ఇరవై ఏడేళ్ళకే పొద్దున్న లేచేసరికి నా పిడికిలి ముడుచుకోవడం మానేసింది. బోర్డు దగ్గర సుద్దముక్క జారిపోతుంటే పిల్లలు ముందు నవ్వారు, తర్వాత నవ్వలేదు. డాక్టరమ్మ రక్తపరీక్షలు రాసింది. ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్, ఈఎస్ఆర్ తొంభై రెండు. నాదీ కీళ్ళవాతమే. ఆ కాగితం పట్టుకుని ఇంటి మెట్ల మీద కూర్చుని, ఎవరు చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

"ఏందమ్మా, ఎంతొచ్చింది?" అంది అండాలమ్మ, పూలు కట్టడం ఆపకుండానే. చెప్పాను. "అబ్బో! నాకు మొన్న అరవయ్యే. నువ్వే గెలిచినవ్ పో. లే, బజ్జీలు తిందాం నడు."

నాకు ఒళ్ళు మండింది. అయినా ఎందుకో లేచి వెంట వెళ్ళాను. బండి దగ్గర నిలబడి ఆవిడ నాకు ఈఎస్ఆర్ అంటే ఏమిటో చెప్పింది. రక్తాన్ని సన్నటి గొట్టంలో పోసి గంటసేపు నిలబెడతారు. ఆ గంటలో ఎర్రకణాలు ఎంత కిందికి దిగాయో కొలుస్తారు. లోపల వాపు ఎక్కువుంటే అవి తొందరగా దిగుతాయి. "గంతే బిడ్డా. ఇగ మన రూల్ ఇను. ఇద్దరం కలిసే టెస్టుకు పోదాం. ఎక్కువొచ్చినోళ్ళకే బజ్జీ. తక్కువొచ్చినోళ్ళు కొనియ్యాలె." ఇదెక్కడి ఆటండీ, తక్కువొచ్చినవాళ్ళకు కదా ఇవ్వాలి అన్నాను. "తక్కువొచ్చినోళ్ళకు సంతోషం ఉన్నది గదా, మళ్ళ బజ్జెందుకు?" అంది. లెక్కల టీచర్ని, ఆ లెక్కకు తలూపి బజ్జీ అందుకున్నాను.

మొదటి ఏడాది బజ్జీలన్నీ నావే. చికున్‌గున్యా వచ్చి వీధి వీధంతా గోడలు పట్టుకుని నడిచిన రోజుల్లో మాత్రం ఆవిడ నన్ను దాటేసింది. తనకూ జ్వరమొచ్చి, తగ్గీ తగ్గకముందే ల్యాబ్‌కు కుంటుకుంటూ వచ్చి, దారిపొడుగునా కుంటుతున్నవాళ్ళను చూపించి, "సూసినవా, మన సంఘంల ఎంతమంది చేరిన్రో!" అని నవ్వింది. ఆ రోజు నేను కొన్న బజ్జీలు ఆవిడ ఎంత తృప్తిగా తిన్నదో! ఒక్క ముక్క పెట్టమంటే, "రూలంటే రూలే" అని ప్లేటు అటు తిప్పుకుంది.

ఆటంతా ఆటే గానీ, నా భయం నాకుంది. నాకు బిడ్డ కావాలి. కీళ్ళకని వారానికోసారి వేసుకునే మాత్ర వాడినన్నాళ్ళూ గర్భం రాకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఈఎస్ఆర్, వాపునే చెప్పే ఇంకో పరీక్ష సీఆర్పీ, రెండూ దిగి, ఆరు నెలలు అలాగే నిలబడితే మందు మార్చి చూద్దామంది. ఇక ప్రతి టెస్టూ నాకు పబ్లిక్ పరీక్షే. అంకె తగ్గుతుందేమోనని ముందు రోజు వెల్లుల్లి నీళ్ళు తాగేదాన్ని, అన్నం మానేసేదాన్ని. గోడ అవతలికి వెల్లుల్లి వాసన పోయి, అండాలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "పంతులమ్మవు గదనే! పోరగాళ్ళు ఒక్క రాత్రి సదివితే పాసైతరా? అట్లనే ఇది గూడ. నీ ఒంట్ల ఏమున్నదో నెత్తురును చెప్పనియ్యి. ఎరుకైతెనే గదా డాక్టరమ్మ మందు సూస్తది. జర బువ్వ తిను." తినేదాకా కదల్లేదు.

మందు పనిచేసింది. ఒకనాడు నాకు పద్దెనిమిది వచ్చింది. "ఇయ్యాల నీకు బజ్జీ లేదు బిడ్డా!" అని అండాలమ్మ ల్యాబ్ మెట్ల మీంచే కేకేసింది. కింద బండి చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలెత్తి చూశారు. తర్వాత ఆరు నెలలూ నాకు బజ్జీ లేదు. జన్మలో అంత సంతోషంగా ఆకలితో నిలబడింది లేదు.

డాక్టరమ్మ మందు మార్చింది. మరుసటి ఏడాది నెల తప్పింది. నాలుగో నెలలో టెస్టుకు వెళితే ఈఎస్ఆర్ డెబ్బై. జబ్బు తిరగబడింది, బిడ్డకేమవుతుందో అనుకున్నాను. అండాలమ్మ కూడా ఆ రోజు బజ్జీ మాటెత్తలేదు. నా చెయ్యి పట్టుకుని, "పిడికిలి పట్టు" అంది. పట్టాను. "నొస్తుందా?" లేదన్నాను. "అయితే ముందే ఏడ్వకు. డాక్టరమ్మను అడుగుదాం నడు." ఆటోలో దారంతా ఆ పిడికిలిని తన వంకర వేళ్ళ మధ్యే ఉంచుకుంది.

డాక్టరమ్మ కీళ్ళన్నీ నొక్కి చూసి నవ్వేసింది. "కడుపుతో ఉన్నప్పుడు ఈఎస్ఆర్ ఎలాగూ పెరుగుతుందమ్మా. అందుకే సీఆర్పీ కూడా రాశాను. అది మామూలుగానే ఉంది. వాపులూ లేవు. హాయిగా ఉండు." బయటికొచ్చాక నేను మళ్ళీ ఏడ్చాను, ఈసారి నవ్వుతూ. నాచారంలో ఆటో దిగగానే అండాలమ్మ తిన్నగా బండి దగ్గరికి నడిచి, నా కడుపు చూపించి, గొంతు పెంచి చెప్పింది: "రెండు ప్లేట్లు కట్టు తమ్మీ. ఎక్కువొచ్చినోళ్ళు ఇద్దరున్నరు!"

రాష్ట్రం వచ్చిన ఏడాది ఆవిడ మేడిపల్లిలో కూతురి దగ్గరికి మారింది. రిపోర్టు వచ్చిన రోజు బజ్జీలు పొట్లం కట్టించుకుని బస్సెక్కి వెళ్ళేదాన్ని. కొన్నేళ్ళకు ఆవిడ పోయింది. ఆ తర్వాత మూడు నెలలకు ఒక్కదాన్నే ల్యాబ్ మెట్లెక్కుతుంటే, ఇక నా అంకె ఎవరికి చెప్పుకోవాలా అని దుఃఖం ఆగలేదు.

ఇప్పుడు అడిగేవాళ్ళున్నారు. నిన్న మా అమ్మాయి బల్ల మీద కూర్చుని, "ఎంతొచ్చిందమ్మా?" అంది. నలభై ఎనిమిది, పోయినసారి కంటే ఎక్కువే. దాని మొహంలో కంగారు లేదు. అలా పెంచాను. "సోమవారం డాక్టర్ దగ్గరికి వెళదాం. ఇప్పుడు పద, కొనిపెడతాను" అంది. కిందికి దిగి, వేడివేడి బజ్జీలు ఊదుకుంటూ తింటుంటే నా ప్లేటు వంకే ఆశగా చూసింది. నేను ప్లేటు అటు తిప్పుకున్నాను. పుట్టకముందే తన వంతు ఒక ప్లేటు తినేసింది, చాలు.