వక్కాకు తిత్తిలో చుక్క

ప్రొద్దుటూరులో షాహిస్తా పెళ్లిపత్రికలు కంపోజ్ చేస్తుంది. వందల పేర్ల చివర ‘గారికి’ చేర్చాలంటే ఆమె ఒక్క పేరుకే చేరుస్తుంది. ఆ ఒక్కసారి తన వేళ్లు ఎటు కదిలాయో కంప్యూటర్లోని ఎడిటర్ ప్రోగ్రాం చేత గుర్తు పెట్టిస్తుంది. దాన్ని మాక్రో అంటారు. తర్వాత ఒక మీట నొక్కి టీ గ్లాసు అందుకుంటుంది. మిగతా పేర్ల వెంట మర్యాద వానచినుకుల్లా తనంతట తానే రాలుతూ పోతుంది.

కంప్యూటర్ మాత్రం వెలుతురు రాని నడిమింట్లో, మిక్సీ పక్కన ఉంది. వీధి గది అత్త ఖమర్‌బీది. పత్రికల కోసం వచ్చినవాళ్లు కిటికీ కింది ఆమె మంచాన్ని దాటాలి.

"పిల్లది ఏ ఊరప్పా? రంగెట్లుంటాది? నగలేం పెడతాండారు?"

సింహాద్రిపురం నుంచి వచ్చిన ఒకాయన, ప్రశ్నలు నగల దాకా రాగానే చెప్పులేసుకుని వేరే షాపుకు పోయాడు.

"మంచం లోపల ఏసుకోరాదా అత్తా" అంది షాహిస్తా.

"వామనగుంటల్లో నన్ను ఓడిచ్చు. ఏసుకుంటా."

జమ్మలమడుగులో పుట్టిన ఖమర్‌బీని ఆ ఆటలో ఓడించినవాళ్లు లేరు. పీటకు ఇటు ఏడు, అటు ఏడు గుంటలు. ఒక గుంటలోని చింతగింజలు తీసి, తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటే పంచుతూ పోవాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. పక్క గుంట ఖాళీ అయితే దాని అవతలి గుంటలోవి గెలుచుకుని ఆగాలి. అదీ ఖాళీ అయితే ఉత్త చెయ్యే.

గింజలు ఏటికేడు తగ్గిపోయేవి. "ఎలకలు ఎత్తుకపోతాండాయి" అంటూ చింతపండు కొట్టినప్పుడల్లా ఖమర్‌బీ కొత్తవి ఏరి పెట్టేది.

షాహిస్తా ఓడింది. మళ్లీ ఓడింది. ఒక మధ్యాహ్నం పేర్ల మీద వాలుతున్న ‘గారికి’లను చూస్తుంటే, ఇదీ పంచడమే కదా అనిపించింది. గుంటకొక వరస, గింజకొక చుక్క. చుక్కను కత్తిరించి కింది వరసలో పెట్టడం ఎడిటర్‌కు ఒక్కసారి చేసి చూపింది. మీట నొక్కితే చుక్కలు మిణుగురుల్లా దిగుతూ, అడుగుకు చేరి మళ్లీ పైకి వచ్చాయి. ఏ గుంటతో మొదలుపెడితే గెలుపో ఆడించి ఆడించి పట్టుకుంది.

పీట దగ్గర లెక్క తప్పింది. ఆగాల్సిన చోటికి ఒక గుంట ముందే అత్త చెయ్యి ఆగింది. లోపలికి పోయి చూస్తే మాక్రో సరిగ్గానే ఉంది. మళ్లీ ఆడితే మళ్లీ అంతే.

అప్పుడామె గుంటలను వదిలి అత్త చేతిని చూసింది. వంతు వచ్చిన ప్రతిసారీ గింజలు తీసిన చెయ్యే నడుముకు దోపిన వక్కాకు తిత్తిలో దూరుతోంది. వక్కతో బయటికొస్తోంది. లోపలికి పోయిన గింజ మాత్రం రావడం లేదు.

"ఏంది అట్ల చూస్తాండావ్?"

"ఆ వక్క శానా రుచేమో అని."

అత్తను దొంగ అనడానికి నోరెక్కడ వస్తుంది? షాహిస్తా గుంటల వరసల కింద ఇంకొక వరస పెంచింది. అత్త వంతు వచ్చినప్పుడల్లా ఒక చుక్క అందులోకి పోయేట్టు మాక్రోకు కొత్తగా నేర్పింది. తెర మీదా పీట మీదా ఇప్పుడు ఒకే ఆట.

ఈసారి ఖమర్‌బీ గాజులు గలగలమంటూ పీట చుట్టూ తిరిగాయి. చివరి గింజ వేశాక చెయ్యి గాల్లో నిలిచిపోయింది. ముందు ఖాళీ గుంట. దాని అవతల ఇంకొక ఖాళీ. ఉత్త చెయ్యి, ఆట పోయింది. ఒక్క గింజ ఉంటే దాటేది. ఆ గింజ నడుము దగ్గర వెచ్చగా పడుకుని ఉంది.

ఆమె లేచి, షాహిస్తా ఆటాటకూ పోయి చూసొస్తున్న నడిమింట్లోకి నేరుగా పోయింది. తెర మీది వరసలను వేలితో తాకుతూ దిగింది.

"గుంటలు పద్నాలుగు గదా. ఈ కింద వరస యాడిది?"

"అది వక్కాకు వరస అత్తా."

ఖమర్‌బీ తిత్తి మూతి బిగించి నడుముకు దోపుకుంది.

"మిషన్ను గూడా చెడగొట్నావు గదమ్మే" అంది.

మరుసటి పొద్దున లోపల వేయడానికి మంచం ఎత్తారు. పరుపు కింద నుంచి ఏళ్లనాటి చింతగింజలు జలజలా రాలి, కిటికీ ఎండలో నల్లగా మెరుస్తూ గదంతా దొర్లాయి.

"ఎలకలు" అంది ఖమర్‌బీ, గోడ వైపు చూస్తూ.

"వక్కాకు ఏసుకునే ఎలకలు" అని షాహిస్తా చీపురు అందుకుంది.