అక్క కాలికి నేను వేసిన ముడి

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్లను తయారుచేయడం కరీంనగర్‌లో నా ఉద్యోగం. పదిమంది విద్యార్థులను పదిహేను రోజులు సింగపూర్ తీసుకుపోయి అక్కడి బడులు చూపించే పని యూనివర్సిటీ వాళ్లు నా నెత్తిన పెట్టారు. నేను కాదంటే ప్రయాణమే రద్దు. అందరూ మొదటిసారి పాస్‌పోర్టు తీసుకున్న పిల్లలు. కాదనడానికి నోరు రాలేదు.

వాళ్లకు క్లాసులో నేను పదేపదే చెప్పే మాట ఒకటుంది. పిల్లను కట్టేయకూడదు. మా దిక్కు మరమగ్గాల ఇళ్లల్లో, తెలియని పిల్ల తిరిగే మగ్గంలో చెయ్యి పెడుతుందన్న భయంతో తల్లులు పాత చీర పేలికతో మంచం కోడుకు కట్టేస్తారు. అలాంటి ఇంటికి పోతే నేను మంచినీళ్లు కూడా ముట్టకుండా ముందు ముడి విప్పుతాను. "నిన్ను కట్టేస్తే తెలుస్తది" అని ఒక తల్లిని తిట్టాను కూడా. ముక్కు మీద కోపం నాకు.

హుజూరాబాద్‌లో మా ఇంటి గడప దాటితే రోడ్డే. మా అక్కకు నలభై దాటాయి. మూడేళ్ల బుద్ధి అంటారు ఊళ్లో. ఆ మాటంటే నాకు ఒళ్లు మంట. హారన్ వినపడితే చాలు, అక్క చప్పట్లు కొడుతూ రోడ్డు మీదికి ఉరుకుతుంది. బాపు లేడు. మమ్మల్ని కన్న అవ్వకు మోకాళ్లు పోయాయి. నేను కాలేజీకి పోతే పగలు అక్కను చూసుకునే ఆమె సరిగ్గా ఆ వారమే కూతురి కాన్పుకని భైంసా పోయింది. చుట్టాలందరినీ అడిగాను. అయ్యో పాపం అన్నారు, ఒక్కరూ రాలేదు.

బయలుదేరే రోజు పొద్దున అవ్వ పాత చీర చింపి పేలిక నా చేతిలో పెట్టింది.

"ఏందవ్వా ఇది?"

"నువ్వే కట్టు బిడ్డా. నా వేళ్లకు ముడి వడ్తలేదు. నేను కడితే గుంజి ఇప్పుకుంటది."

"నేనా? గిట్ల కట్టొద్దని ఊరూరా చెప్పేదాన్ని!"

"చెప్పు, ఎవలొద్దన్నరు? తలుపు పెడితే తల కొట్టుకుంటది. ఇడిసిపెడితే లారీ కింద వడ్తది. నేను ఎనుకవడి ఉరుకుతనా? ఇంకో తొవ్వ ఉంటె నువ్వే చెప్పు, గదే చేస్త."

లేదు. అంతలో నాకోసం వచ్చిన కారు బయట హారన్ కొట్టింది. అక్క చప్పట్లు కొడుతూ లేవబోయింది. నేను ఆమె ముందు కూలబడ్డాను. వెండి పట్టీలు పెడతాననుకుందేమో, నవ్వుకుంటూ కాలు తానే చాపింది. విప్పుకోవడానికి రాకుండా మంచం కోడుకు గట్టిగా కట్టాను.

సింగపూర్‌లో మూడో రోజు ఒక బడి చూసి బయటికి వచ్చాం. ఆ బడిలో గదులకు గడియలే లేవని నా విద్యార్థులు ఒకటే మాట్లాడుకుంటున్నారు. అప్పుడే అవ్వ వీడియో కాల్ చేసింది. మేడం వాళ్ల అక్కను చూస్తామని అందరూ నా చుట్టూ మూగారు. నన్ను చూడగానే అక్క ముఖం వెలిగిపోయింది. చెల్లె పట్టీ పెట్టిందని అందరికీ చూపించాలి కదా, కాలు ఎత్తి ఫోనుకు పెట్టింది. పేలిక కింద చర్మం కమిలి ఉంది.

ఒక అమ్మాయి మెల్లగా అడిగింది.

"మేడం, అట్ల ఎవరు కట్టిన్రు?"

మా అవ్వ అంటే నమ్మేవాళ్లు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, సిగ్గులేకుండా.

"నేనే" అన్నాను.

అక్క కాలు దించలేదు. ఇంకా పన్నెండు రోజులున్నాయి.