గంజాయి కాల్చిన రోజు

పోలీసు జీపు డ్రైవరు ఎల్లప్పన్‌కు భయం ఎక్కువ. ఎద్దుల బండి ఎదురొచ్చినా పక్కకు తీసి నిలబెట్టేస్తాడు. తమిళ సీమలోని ఏరియూరులో కూలికి పోయే తెలుగు కుటుంబం వాళ్ళది. ఆ ఇంట్లో ప్రభుత్వ జీతం ముఖం చూసినవాడు ఇతనొక్కడే, అది ఎక్కడ ఊడుతుందోనని ఇంకో భయం. తోటివాళ్ళు ఎంత ఎగతాళి చేసినా, ఆ భయం పుణ్యమా అనే జీపెక్కినవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరేవాళ్ళు.

ఎనభై ఏడులో, గాలులు వీచే తమిళ ఆడి నెలలో, పట్టుబడిన గంజాయి మూటలను కోర్టు ఉత్తర్వు ప్రకారం తగలబెట్టడానికి పెన్నాగరం దాటాక ఉన్న పాత రాతి క్వారీకి తీసుకుపోయారు. మంట దగ్గర ఎస్సై సదాశివం, కానిస్టేబులు మాదేశన్ కాపలా. ఎవరూ గుప్పెడు కూడా ఎత్తుకుపోకుండా, అంతా బూడిదయ్యేదాకా కదలకూడదు. ఆడి గాలి ఊరుకుంటుందా? పొగనంతా తెచ్చి జీపులో కుమ్మరించింది. లోపల కూర్చున్న ఎల్లప్పన్ ఇంకా పొగ రాకూడదని టార్పాలిన్ తెరలన్నీ దించి బిగించి కట్టేశాడు. అప్పటికే వచ్చిన పొగ ఎటు పోతుందన్న సంగతి పాపం అతనికి తట్టలేదు.

పని ముగిశాక, ఆడి పండుగ బందోబస్తుకు ముగ్గురూ కొండ కింద ఏటి ఒడ్డునున్న హొగేనక్కల్‌కు దిగాలి. ఘాట్ రోడ్డు మొదలవగానే ఎల్లప్పన్ నోరు ఎండిపోయింది. గుండె దడదడ కొట్టుకుంది. మలుపు ఎక్కడో దూరంగా కనిపించేది, అంతలోనే బండి ముందుకొచ్చి పడేది. బ్రేకు తొక్కాడో లేదో అతనికే తెలియడంలేదు. పక్కనే లోయ. చెబితే గంజాయి తాగాడంటారు, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ముగ్గురి ప్రాణాలూ పోతాయి.

"ఏమన్నా, బండి ఇట్ల ఊగతా ఉండాది?" వెనకనుంచి మాదేశన్ అడిగాడు.

పక్క సీటులో సదాశివం మాత్రం నిమ్మళంగా కూర్చుని "పోనీ, పోనీ" అంటూనే ఉన్నాడు. అయ్యకు ఏమీ కాలేదు కదా అన్న ధైర్యంతో ఎల్లప్పన్ ఇంకో మలుపు తిప్పాడు. ఆ తరవాతి మలుపులో ముందు చక్రం అంచురాయిని గీరింది. బండి ఆపి, తాళంచెవి తీసి పిడికిట్లో బిగించుకున్నాడు.

"నా చేత కాదు అయ్యా. పొగ తలకెక్కింది. ఉద్యోగం పోతే పోనీ."

"గంజాయి కొట్టి బండెక్కినావా? తాళం ఇటియ్యి, నేను తోలతా!" అని తమిళంలో గద్దిస్తూ సదాశివం దిగాడు. జీపు చుట్టూ తిరిగొచ్చి మెట్టు మీద కాలు పెట్టబోయాడు. అందలేదు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ తప్పింది. రోడ్డు మీదే చతికిలబడి, చొక్కా గుండీలు విప్పుకుంటూ, "ఎల్లప్పా, మనం ఘాట్ ఎక్కతా ఉండామా, దిగతా ఉండామా?" అని అడిగాడు.

ఇంతసేపూ ఎల్లప్పన్ ఈ మనిషి మాట నమ్ముకునే బండి నడిపాడు.