మొగిలవ్వ కట్టిన మంగళవారం పాట

మొగిలవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ కోరుట్లలో ఆమె ఉండే వాడలో పెళ్లయినా, చావయినా, బతుకమ్మయినా పాట కావాలంటే అందరూ ఆమె అరుగు దగ్గరికే వచ్చేవారు. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి బీడీలు చుడుతూనే ఆమె పాట కట్టేది. ఒక్కో చరణాన్ని పెదవి కదలకుండా పదిసార్లు లోపలే తిప్పి చూసేది. అడగవచ్చిన వాళ్లను ముందు తనే అడిగేది: పిల్ల ఏ రంగు చీర కట్టింది, ముసలాయన ఆఖరికి ఏమన్నాడు, ఆవేళ వాన పడిందా. "సూడంది, ఇనంది కట్టను" అనేది. పాటలో తన పేరు ఎక్కడా పెట్టుకునేది కాదు. భర్త నారాయణ భీవండిలో మగ్గాల మీద పనిచేస్తూ ఏడాదికోసారి వచ్చిపోయేవాడు.

1987 శ్రావణంలో ఒక సోమవారం ఆమె వేములవాడ రాజన్న దర్శనానికి వెళ్లి, సత్రంలో పడుకుని, మర్నాడు పొద్దున్నే కోరుట్ల బస్సెక్కింది. కథలాపూర్‌లో బస్సు ఆగింది. కిటికీ పక్కనే ఒక జీపు నిలబడి ఉంది. వెనక సీట్లో, మఫ్టీలో ఉన్న ఇద్దరి మధ్య, చేతులు తువ్వాలతో కట్టేసి కూర్చోబెట్టిన మనిషి హన్మంతు. తమ వాడ వెంకటవ్వకు ఒక్కగానొక్క కొడుకు. సిరిసిల్లలో మరమగ్గాల మీద నేసేవాడు. అన్నలతో, అంటే నక్సలైట్లతో, తిరుగుతున్నాడని పోలీసులు అంతకుముందే రెండుసార్లు ఇంటికి వచ్చిపోయారు.

"చిన్నమ్మా, అవ్వకు జెప్పు!" అని అరిచాడు హన్మంతు. పక్కనున్నవాడు అతని తల కిందికి నొక్కేశాడు. బస్సు కదిలింది.

మొగిలవ్వ చెప్పగా కబురు విన్న వెంకటవ్వ ఠాణాకు పరుగెత్తింది. అట్లాంటివాడెవడూ లేడన్నారు. గురువారం పేపర్లో వచ్చింది: సోమవారం రాత్రి అడవిలో ఎదురుకాల్పులు జరిగాయని, అందులో హన్మంతు చనిపోయాడని.

పదకొండో రోజు అయ్యాక వెంకటవ్వ అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

"చెల్లె, వాని మీద పాట కట్టు. ఎవడో దొంగ సచ్చినట్టు రాసిన్రు పేపర్ల."

మొగిలవ్వకు నాలుగు రోజులు పట్టింది. భయపడి జీపును తీసేసింది. తువ్వాలనూ తీసేసింది. పోలీసుల ఊసే రానివ్వలేదు. చివరికి మిగిలింది ఇంతే:

మంగళవారం పొద్దుగాల, మబ్బు ఇడిసే పొద్దుగాల
కథలపూరు అడ్డ కాడ కండ్ల జూస్తి కొడుక నిన్ను
అవ్వకింత జెప్పుమంటివి, అంత మాటకె బండి గదిలె

సిరిసిల్ల నేతగాడు దేవదాస్ దాన్ని నేర్చుకుపోయి మగ్గాల దగ్గర పాడాడు. నెల తిరక్కుండానే బుగ్గారం పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్ల నోట వినపడింది. జగిత్యాలలో ఒక వకీలు కూడా విన్నాడు. సోమవారం రాత్రి చచ్చినవాడు మంగళవారం పొద్దున ఎట్లా కనపడ్డాడని అర్జీ పెట్టాడు. దాంతో విచారణ వేశారు.

ఒక మధ్యాహ్నం తెలియని మనిషొకడు బీడీ కట్ట కావాలని వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పాట మంచిగున్నదక్కా. జెండ పట్టుకొని నినాదమిచ్చుకుంట ఒరిగిండని ఒక చరణం కలుపు."

"ఒరిగినప్పుడు నేను లేను తమ్మీ. నేను సూసినప్పుడు వాడు అవ్వను యాది జేసిండు."

అతను బీడీ కట్ట తీసుకోకుండానే వెళ్లిపోయాడు. అన్నల మనిషని తర్వాత అర్థమై ఆమెకు రెండు రోజులు అన్నం సయించలేదు.

తర్వాత ఎస్సై వచ్చాడు. ఒక్కడే వచ్చి అరుగు మీద కూర్చుని, చాటలోంచి బీడీ తీసి ముట్టించాడు.

"పాట ఆపుమంటలేను. ఒక్క మాట మార్చు. మంగళవారం తీసి సోమవారం పెట్టు. రాగం సుత చెడది."

మొగిలవ్వ లోపలే పాడి చూసుకుంది. సరిగ్గా కుదిరింది.

"విచారణల అడిగితే, పాటకు కుదిరిందని పెట్టిన అను. సదువు రానిదానివి, నిన్నెవరు తప్పు పడుతరు?" లేస్తూ అన్నాడు, "నారాయణ భీవండిల ఏ గల్లీల ఉంటడో నాకు ఎరుకనే." ఆ గల్లీ పేరు కూడా చెప్పి మరీ వెళ్లాడు.

ఆ వారమే దేవదాస్‌ను తీసుకుపోయి మూడు రోజులు ఉంచుకున్నారు. విడిచాక అతను మొగిలవ్వ దగ్గరికి వచ్చాడు. అరుగు మీద కూర్చోలేక నిలబడే ఉన్నాడు.

"అక్కా, నేను సోమవారమనే పాడుతున్న. ఇద్దరు పిల్లలున్నరు."

ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. "పాడు తమ్మీ. నీ పానం కన్న పాట ఎక్కువనా?"

విచారణ జగిత్యాలలో పెట్టారు. వరండాలో ఎస్సై, నలుగురు జవాన్లు నిలబడ్డారు. వెంకటవ్వ గుమ్మం దాకా ఆమె చేయి పట్టుకుని వచ్చి ఆగిపోయింది. లోపల అధికారి పాడమన్నాడు. ఎట్లాగో మొదటి చరణం పాడింది.

"పాటల్లో ప్రాస కోసం మాటలు పెడుతుంటారు కదమ్మా. ఇదీ కుదిరిందని పెట్టావా?"

వరండాలో బూట్ల చప్పుడు ఆగింది. అవునంటే చాలు, పొద్దుగూకే లోపల ఇంట్లో ఉంటుంది. నారాయణ ముఖం కళ్లముందు ఆడింది.

"సోమవారమన్నా కుదురుతది సారు" అంది మొగిలవ్వ. పాడి వినిపించింది కూడా. గుమాస్తా కలం నిలిచిపోయింది. "గందుకే చెప్తున్న. కుదిరిందని పెట్టలే, గా దినం సూసిన గనుక పెట్టిన. జీపుల ఉండె. చేతులు తువ్వాలతోని కట్టి ఉండె. గవి భయానికి పాటల పెట్టలే. గిప్పుడు రాసుకోండ్రి."

వేలిముద్ర వేసి బయటికొచ్చింది. ఎస్సై ఆమె మెట్లు దిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

ఆ వారంలో ఇల్లు రెండుసార్లు సోదా చేశారు. తునికాకంతా వాకిట్లో వానపాలయింది. బీడీ ఖార్ఖానా వాళ్లు ఆకు ఇవ్వడం మానేశారు. భీవండికి టెలిగ్రాం కొట్టించింది. తొమ్మిది రోజులు జవాబు లేదు. ప్రతి బస్సు చప్పుడుకూ వాకిట్లోకి వచ్చి నిలబడేది. పదో రోజు నారాయణే ట్రంకుపెట్టెతో దిగాడు. ఆమె వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. ఇద్దరూ సిరిసిల్లకు మకాం మార్చారు. అక్కడ ఆమె మగ్గాలకు నూలు కండెలు చుట్టే పనిలో చేరింది. మరమగ్గాల మోతలో తన గొంతు తనకే వినపడక, ఏడాది పాటు ఒక్క పాటా కట్టలేకపోయింది.

రెండేళ్లకు విచారణ నివేదిక వచ్చింది. తగిన ఆధారాలు లేవన్నారు. కాగితం మీద హన్మంతు సోమవారం రాత్రే చనిపోయాడు.

వెంకటవ్వ మాత్రం ఆ కాగితాన్ని లెక్కచేయలేదు. ఏటేటా కొడుక్కు పెట్టుకునే దినానికి అయ్యగారు సోమవారపు తిథి చెప్పబోతే, "కాదయ్యా, మా చెల్లె సూసింది" అని మర్నాటి తిథికే పెట్టించుకునేది. ఆ దినానికి మొగిలవ్వ సిరిసిల్ల నుంచి తప్పకుండా వచ్చేది. కోరుట్ల బస్టాండులో ఖాకీ బట్టలు కనపడితే కొంగు తలమీదికి లాక్కుని, వెనక్కి చూడకుండా, వెంకటవ్వ ఇంటి దాకా నడిచేది.