చెప్పి వచ్చే నీళ్లు

2019లో, వానాకాలం చివర, నన్ను కాకినాడ వైపు ఒక మత్స్యకార గ్రామానికి పంపారు. అప్పటికి నేను ఫైర్ సర్వీస్ ఉద్యోగం వదిలేసి, ఊళ్లలో వాలంటీర్లకు శిక్షణ ఇచ్చే ఒక సంస్థలో చేరి ఏడాది దాటింది. మాది నల్లగొండ జిల్లా, కట్టంగూర్ దగ్గర ఒక పల్లె. నీళ్లలో మనిషిని ఎలా కాపాడాలో చెప్పడానికి మెట్ట ప్రాంతం నుంచి మాస్టారు వచ్చాడని అక్కడివాళ్లు నవ్వారు. అందులో తప్పేమీ లేదు.

వాలంటీర్ల నాయకుడు లోవరాజు మొదటి రోజే అడిగాడు. "ఏవండీ మాస్టారూ, మీ వైపు ఈతంటే బావుల్లోనేనా?"

"బావులల్లనే. అందుల నీళ్లుంటే," అన్నాను.

వాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. తర్వాత నన్ను తమ మనిషిలాగే చూసుకున్నారు.

మా పని చూడడానికి చిన్నదే. తుఫాను రాకముందే ఎవరు ఏ ఇంటికి వెళ్లాలో, ఎవరిని ఎలా తీసుకురావాలో తేల్చుకుని, ఒకసారి చేసి చూస్తాం. దాన్ని మాక్ డ్రిల్ అంటారు. ఆపద లేని రోజున, ఉన్నట్టే నడిపే సాధన. త్రో బ్యాగ్ విసరడం కూడా నేర్పిస్తాం. అది నీళ్ల మీద తేలే తాడు కుక్కిన సంచి. ఒక కొస మన చేతిలో పెట్టుకుని, సంచిని నీళ్లలో ఉన్న మనిషికి అందేలా విసరాలి. ఓపిక ఉంటే ఎవరికైనా ఒక పూటలో వస్తుంది.

సముద్రం గురించి నేను చాలా చదివాను. చూశాక, చదివినదాంట్లో సగం చదవకపోయినా సరిపోయేదనిపించింది. నా కళ్లు సముద్రం మీద నిలవలేదు కూడా. ఆ ఊళ్లో స్తంభాల మీద లేపిన తుఫాను షెల్టర్ ఉంది. గుడి మీద సైరన్ ఉంది. నారింజ రంగు జాకెట్లు వేసుకున్న ఇరవై మంది ఉన్నారు. ఏ ముసలమ్మ ఏ మంచం మీద పడుకుంటుందో వాళ్లకు తెలుసు. రేడియోలో వాయుగుండం మాట వినగానే పిల్లలు సైతం పడవలు ఎటు లాగాలో చెబుతారు. ఇవన్నీ చూస్తుంటే నాకు అసూయ కలిగింది.

నా భార్య సువర్ణ అంగన్వాడీ టీచరు. అంతకు మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం సెంటర్ మూసి నడిచి వస్తోంది. మా ఊళ్లో ఆ రోజు చినుకు పడలేదు. ఎగువన ఎక్కడో కురిసిన వానకు వాగు వచ్చింది. దారిలో కాజ్‌వే ఉంది. అంటే రోడ్డు మట్టానికే కట్టిన వంతెన, వరద వస్తే మునిగిపోతుంది. ఆమె సగం దాటాక నీళ్లు పెరిగాయి. అంచున పాతిన రాయిని పట్టుకుని కొంతసేపు నిలబడింది. రెండు ఒడ్ల మీదా జనం ఉన్నారు. తాడు ఎవరి దగ్గరా లేదు. ట్రాక్టర్ తేవడానికి ఒకతను పరుగెత్తాడు. అది వచ్చేసరికి రాయి దగ్గర ఆమె లేదు. నేను నల్లగొండలో డ్యూటీలో ఉన్నాను. మా స్టేషన్ గోడకు త్రో బ్యాగులు వరుసగా వేలాడుతున్నాయి.

అందుకని ఆ సముద్రపు ఊళ్లో ప్రతి తాడునూ, ప్రతి జాకెట్టునూ చూస్తూ, ఇవి వీళ్లకెందుకు ఉన్నాయి, మాకెందుకు లేవు అని లోపల తగవు పడుతూనే పాఠం చెప్పాను.

శిక్షణ పూర్తికాకముందే నిజంగానే వాయుగుండం బయల్దేరింది. రెండు రోజుల ముందే దాని దారి చెప్పారు, తీరం ఎక్కడ దాటుతుందో చెప్పారు, ఏ పూట దాటుతుందో కూడా చెప్పారు. మా వాగుకు ఇంత మర్యాద లేదు.

తరలించే వరుస నేనే వేశాను. మంచం పట్టినవాళ్లు, నిండు గర్భిణులు, పసిపిల్లల తల్లులు ముందు. నడవగలిగినవాళ్లు చివర. ఎక్కడైనా ఇదే పద్ధతి. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. సముద్రం వైపు చివరి వీధి ఒక్కటే మిగిలింది. అందులో పాపాయమ్మకు మోకాళ్లు పనిచేయవు కనుక ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకెళ్లారు. పక్కింటి నూకరత్నం డెబ్బై దాటినా రోజూ చేపల గంప ఎత్తే మనిషి. ఆమెను మైకులో పిలిచి ఊరుకున్నారు. వీధంతా ఖాళీ అయ్యాక చూస్తే ఆమె ఇంట్లోనే ఉంది. గడప అవతల కూర్చుని ఎండు చేపలు గోనెసంచిలో సర్దుతోంది. నీళ్లు అప్పటికే వీధి మొదట్లోకి వచ్చి వెళ్తున్నాయి.

"మామ్మా, లెగు. ఆటో ఆగుంది," అంది దేవి. వాలంటీర్లలో ఆమె ఒక్కతే డిగ్రీ చదువుతున్న అమ్మాయి.

"ఇప్పుడు గుర్తొచ్చానేటే నీకు?" అంది నూకరత్నం తలెత్తకుండా. "పాపాయమ్మనేమో పెళ్లికూతుర్ని మోసినట్టు మోసుకెళ్లారు. నన్ను మైకులో పిలుత్తారు, తప్పిపోయిన గేదెని పిలిచినట్టు."

"ఆవిడ నడవలేదు కదా మామ్మా. నువ్వు నడుత్తావని..."

"నడవడం నా తప్పా? మా ఆయన పోయిన కాణ్ణించీ ఈ ఈదిలో ఏ పేరంటానికీ నన్ను పిలవలేదు. శుభానికి పిలవరు, పోనీలే అనుకున్నాను. బతకడానికి కూడా ఆఖర్నే పిలుత్తారా?"

లోవరాజుకు ఓపిక అయిపోయింది. "మాస్టారూ, ఎత్తి ఆటోలో పడేద్దామండీ. పదండి."

వద్దన్నాను. గింజుకునే మనిషిని మోస్తూ జారితే మోసేవాళ్లూ పోతారు. అప్పటికి నీళ్లు మెట్టును తాకాయి. దేవి చెప్పులు తేలిపోతుంటే ఒక చేత్తో పట్టుకుంది. నేను గడప మీద కూర్చున్నాను. ఆమెను ఓదార్చాలని నాకు అనిపించలేదు. కోపం వచ్చింది.

"అవ్వా," అన్నాను, "నిన్ను పిలువనీకి ఇంతమంది వచ్చిన్రు. ఆఖరుకైనా వచ్చిన్రు. నా భార్య వాగు నడుమ రాయి పట్టుకొని నిలవడితె ఒక్కరు పోలే. నిన్ను జూస్తుంటె నాకు కుళ్లు పుడ్తాంది."

ఆమె చేపలు సర్దడం ఆపింది. "ఏ ఊరు బాబూ నీది? మాటలేటి అలాగున్నాయి?"

"నల్లగొండ."

"ఆవిడ్ని ఎవరూ పిలవలేదా?"

"పిలిచిన్రు. ఒడ్డు మీదికెల్లి ఊరంత పిలిచింది. చెయ్యిచ్చేటోడే లేకపాయె."

ఆమె కొంచెంసేపు నా మొహం చూసింది. కళ్లనీళ్లు పెట్టుకుంటుందేమో అనుకున్నాను. పెట్టుకోలేదు. గోనెసంచి మూతి బిగించి కట్టింది.

"అయితే లెగు. గడపలో కూకుని ఏడుపు మాటలేటి?" అంది. తర్వాత లోవరాజు వైపు తిరిగింది. "కుర్చీ తే."

"మామ్మా! నువ్వు నా కంటే గట్టిగా నడుత్తావు!"

"పాపాయమ్మని తీసుకెళ్లిన కుర్చీయే తే. దాన్నెంతమంది మోశారో అంతమందీ మొయ్యాలి. లేకపోతే రాను."

లోవరాజు నన్ను చూశాడు. నేను తల ఊపాను. అతను మోకాళ్ల లోతు నీళ్లలో ఈడ్చుకుంటూ వెళ్లి ఆటోలో తిరిగొచ్చిన కుర్చీ తెచ్చాడు. చేపల సంచి ఒళ్లో పెట్టుకుని ఆమె కుర్చీలో కూర్చుంది. నేనూ ఒక కోడు పట్టుకున్నాను. దారి పొడుగునా లోవరాజు తిడుతూనే ఉన్నాడు. ఆమె మాత్రం ఖాళీ ఇళ్లను అటూ ఇటూ చూస్తూ కూర్చుంది, వీధిలో ఎవరో ఉండి చూస్తున్నట్టు.

షెల్టర్ దగ్గర దిగి, ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కి, పాపాయమ్మ పక్కన చేరగిలబడింది.

"నేనూ కుర్చీలోనే వచ్చాను," అంది.

"నీకేం రోగమే? కాళ్లున్నాయిగా!" అంది పాపాయమ్మ.

రాత్రి ఆ సంచిలోని చేపలు కాల్చుకుని, ఇద్దరూ ఒకే కంచంలో చెయ్యి పెట్టి తిన్నారు.

తెల్లారి వెళ్లి చూస్తే నూకరత్నం ఇంటి సముద్రం వైపు గోడ లేదు. ఆమె కూర్చున్న చోట ఇసుక మేట వేసింది.

ఇంటికి తిరిగి వచ్చాక కూడా ఆ ఊరి మీద నా అసూయ పోలేదు. అయితే అసూయకు ఒక గుణం ఉంది. ఎదుటివాడి దగ్గర ఉన్నదేమిటో అది సరిగ్గా చూపిస్తుంది. వాళ్లకున్న షెల్టరూ సైరనూ మాకు రావు. కానీ వాళ్ల నీళ్లు చెప్పి వస్తాయి. మా నీళ్ల చేత కూడా చెప్పించవచ్చు కదా అనిపించింది.

ఒక ఆదివారం చర్చి అయిపోయాక సువర్ణ తమ్ముడు జోసెఫ్ మనుషులను కూడగట్టాడు. వాగుకు ఎగువన రోడ్డు పక్క లక్ష్మమ్మ అనే ఆమెకు చాయ్ హోటల్ ఉంది. వాగు పెరిగే ముందు నీళ్లు ఎర్రబడతాయి, నురగా పుల్లలూ కొట్టుకొస్తాయి. అవి కనబడగానే ఫోన్ చేయమని ఆమెను అడిగాం. కాజ్‌వేకు రెండు వైపులా రేకు డబ్బాల్లో త్రో బ్యాగులు పెట్టాం. ఫోన్ రాగానే రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి మనిషి నిలబడాలి.

"గా తాడు ఎవడన్న ఎత్కపోతడు బావా," అన్నాడు జోసెఫ్.

"ఎత్కపోతె ఇంకోటి పెడ్దం."

ఇంకొక మాట కూడా చెప్పాను. దాటవద్దని దూరం నుంచి అరవకూడదు. దగ్గరికి పోయి, ఎదురుగా నిలబడి, మనిషిని మనిషిలాగా పిలిచి చెప్పాలి. అరిస్తే పట్టుదల పెరుగుతుంది. ఇది నూకరత్నం దగ్గర తెలిసింది. ఆపదలో ఉన్న మనిషి ప్రాణంతోపాటు తన వరుసను, తన మర్యాదను కూడా పట్టుకుని ఉంటాడు. వాటిని వదిలేసి ప్రాణం ఒక్కటే తెమ్మంటే రాడు.

మరుసటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం లక్ష్మమ్మ ఫోన్ చేసింది. "అన్నా, ఎర్రనీళ్లొచ్చినయ్. జర జల్ది పోండ్రి." మా మీద ఎండ కాస్తోంది. నేనూ జోసెఫూ పోయి తాడు కట్టాం. కాసేపటికి మోటార్‌సైకిల్ మీద ఒక జంట వచ్చింది. నేను ఎదురు పోయి నమస్తే పెట్టాను.

"పాదం మునుగుత లేదు, గీ నీళ్లకు ఆపుతవా?" అన్నాడతను. "పెండ్లికి పోవాలె. తాడు ఇప్పు."

"ఎగువకెల్లి వరద వస్తాంది తమ్మీ. జర సుట్టు తిరిగి పో."

"ఎండ కొడుతాంటె వరదేంది?"

వెనక కూర్చున్న ఆమె అంది: "పెద్దమనిషి చెప్తాండు గద. బండి తిప్పు."

"నువ్వు నోర్మూసుకో."

ఆమె దిగేసింది. "నేను దాట. నువ్వు పోయి తినిరా పెండ్లి అన్నం."

అతను నన్ను తిట్టాడు, ఆమెను తిట్టాడు, బండి తిప్పాడు. ఆమె ఎక్కింది. వాళ్లు మలుపు దాటక ముందే కాజ్‌వే మునిగింది. అంచున ఉన్న ఆ రాయి కనబడకుండా పోయింది.

నేను సంతోషించాల్సింది. అతని మీద కుళ్లుకున్నాను. వెనక సీటు మీద భార్య ఉంది, కోపంగా ఉంది, ఇంటిదాకా అతన్ని సాధిస్తుంది. ఈ పని చేసేవాడి మనసు శుభ్రంగా ఉండాలని కొందరు అంటారు. నా అనుభవంలో ఆ అవసరం రాలేదు. ఎట్లాంటి మనసుతో పట్టుకున్నా, కొస గట్టిగా పట్టుకుంటే తాడు ఆగుతుంది.

వాళ్ల పోట్లాట వినబడినంత దూరం విన్నాను. తర్వాత వెళ్లి ముడి బిగువు చూసుకున్నాను.